పద్నాలుగో మెట్టు పచ్చదీపం

112వ రోజు

మాటల తీగ కోసేశారు. పొద్దున ఆరు గంటల కొలత అయ్యాక ఫోను ఎత్తితే చెవిలో గరగర కూడా లేదు. బోర్డు మీద అదుపు గది వాక్యం ఒకటి వెలిగింది: మెట్ల మధ్య అనవసర సంభాషణ వల్ల రోజుకు సగటున నలభై ఏడు నిమిషాల పని నష్టమవుతున్నందున నేటి నుంచి తీగ సేవ నిలుపుదల.

అనవసరమట. ఎవరు కొలిచారో నాకు చూపించండి.

ఈ డ్యూటీ పుస్తకంలో ఆఖరి గడి పేరు 'విశేషాలు'. దీన్ని అదుపు గదిలో మీరు చదవరు. పోయిన ఏడాది ఒకసారి 'పంపు గదిలోకి ఏనుగు దూరింది' అని రాసి పంపాను. ఎవరూ అడగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తీగ పోయాక నేను మాట్లాడగలిగిన చోటు ఇదొక్కటే మిగిలింది.

నేను సుంకులమ్మను, తొమ్మిదో మెట్టు. కింద సముద్రం దగ్గర ఉప్పు తీసిన నీళ్లను పద్నాలుగు మెట్ల మీదుగా గుట్టల పైకి ఎక్కించే గొట్టంలో తొమ్మిదో పంపు నాది. పదకొండు కిలోమీటర్లకు ఒక మెట్టు. మెట్టుకో తొట్టి, తొట్టి కింద ఒక ఊరు. ఇదివరకు మెట్టుకు ఇద్దరం ఉండేవాళ్లం. దీపం వచ్చాక, కాపలాకు దీపం చాలునని రెండో మనిషిని తీసేశారు. దీపం అంటే తెలుసు కదా, మీరు పెట్టిందే. రోజుకు నాలుగుసార్లు తొట్టిలో నీటి మట్టం చూసి, గీత దాకా ఉంటే పచ్చ, తగ్గితే ఎరుపు. మూడు ఎరుపులు పడితే కింద ఉప్పుగట్టు పనికి బదిలీ. అక్కడికి దిగినవాళ్లెవరూ మళ్లీ పైకి ఎక్కలేదు.

దీపం రాకముందు నుంచీ నిన్నటి దాకా మాకు వరస పిలుపు ఉండేది. సాయంత్రం ఏడుకు అందరూ ఫోను ఎత్తాలి. ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టి, తొట్టిలో కొలకర్ర ముంచి ఎన్ని జానల నీళ్లున్నాయో, ఊరికి నీళ్లు వదిలే గేటు ఎంత తెరిచామో ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. చిట్టచివర పద్నాలుగో మెట్టు మాబున్నక్క వంతు. ఆమె జానలు చెప్పదు. తన గది కిటికీలోంచి కింది ఎర్రగుట్ట ఊరి కొళాయి చూసి "వచ్చినాయి" అంటుంది. ఆ మాట విన్నాకే పదమూడు మెట్ల వాళ్లూ తిండికి లేచేవాళ్లు. రాకపోతే ఎవరి దగ్గర ఆగాయో అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్లం, తిట్టుకుంటూ.

ఆమె ముఖం నేను చూడలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతి. పంపు పుస్తకం మొత్తం ఆమె ఫోనులోనే నేర్పింది, రోజుకో పేజీ. ఇనుప కడ్డీ ఒక కొస గొట్టానికి, ఇంకో కొస చెవి వెనక ఎముకకు ఆనించి నీటి నడక వినడం కూడా.

నిన్న సాయంత్రం చివరిసారి మాట్లాడాం. ఆమెకు అప్పటికే రెండు ఎరుపులు. మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ యంత్రం మీద పడుకునే మనిషి. ఆ యంత్రం ఎర్రగుట్ట ఆసుపత్రిలో ఉంది, ఉప్పుగట్టులో లేదు. మూడో ఎరుపు ఆమెకు బదిలీ కాదు, చావు. అందుకే ఎవరికీ చెప్పని నా కిటుకు ఆమెకు చెప్పాను. కొలతకు అరగంట ముందు ఊరి గేటు మూసెయ్యి, తొట్టి గీత దాకా నిండుతుంది, దీపం పచ్చబడగానే మళ్లీ తెరువు.

"ఆ అరగంట ఊరోళ్ల సంగతేంది పాపా?" అనింది.

"కుండల్లో ఉంటాయి గదక్కా. అరగంటకు ఎవరూ చావరు."

ఒప్పుకోలేదు. నేను బతిమాలాను, ఏడ్చాను కూడా. చివరికి "సరేలే, రేపట్నుంచి చూస్తా" అనింది.

119వ రోజు

పని ఎప్పటి పనే. నాలుగున్నరకు లేవడం, సౌర పలకల మీద దుమ్ము తుడవడం, జల్లెడలో పేరుకున్న ఉప్పుపొర గీకడం, పంపుకు గ్రీజు పెట్టడం. పదికి ఎండ సైరన్ మోగుతుంది. సాయంత్రం అయిదు దాకా తలుపు తీస్తే తోలు ఊడుతుంది. ఆ ఏడు గంటలూ నేనూ పంపూ.

సరుకులు తెచ్చే బండికి డ్రైవరు లేడు. వస్తుంది, మూత తెరుస్తుంది, పోతుంది. నా మెట్టు కింది ఊరు మూడు కిలోమీటర్ల దూరం. ఊరివాళ్లు మెట్టు కంచె దాటకూడదు, నేను మెట్టు వదలకూడదు. తీగ ఉన్నప్పుడు ఇదేమీ తెలియలేదు. పదో మెట్టు లింగమయ్య మామ రోజూ తన భార్య మీద ఒక జోకు చెప్పేవాడు. ఆమె పోయి పదేళ్లయింది, జోకులు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఏడు కాగానే చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోతోంది.

నిన్న ఏడుకు కొలకర్ర ముంచి జానలు లెక్కపెట్టి గోడకు చెప్పాను. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకుందామని. బొంగురుపోయింది.

ఒక మంచి సంగతి. రెండు రోజులుగా గేటు ముయ్యకుండానే దీపం పచ్చగా వెలుగుతోంది. తొట్టి ఎప్పుడు చూసినా నిండుగా ఉంటోంది. కింద నీళ్లు బాగా ఎక్కిస్తున్నారు కాబోలు. కొలత కోసం గడియారం చూస్తూ వణకాల్సిన పని తప్పింది. మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

138వ రోజు

మనిషి వచ్చాడు. శేషఫణి గారట, తనిఖీ అధికారి. చల్లబండిలో దిగాడు. ఇరవై ఆరు రోజుల తర్వాత మనిషి గొంతు విన్నాను. ఆయన చెప్పిన దానికంటే ఆయన దగ్గు ఎక్కువ నచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు. మణికట్టుకు ఆయనకూ ఒక చిన్న దీపం ఉంది. మెట్టుకు పన్నెండు నిమిషాలు. దాటితే పసుపు, ఇంకా దాటితే ఎరుపు. నీళ్లిస్తే దీపం చూసుకుంటూ తాగాడు. నాకు మీ అందరి మీదా ఉన్న కోపం ఆయన మీద పూర్తిగా నిలబడలేదు.

గొట్టం మొత్తం ఇరవై రోజులుగా పచ్చగా ఉందని, ఇలా ఎన్నడూ లేదని చెప్పాడు. కరెంటు ఖర్చు కూడా అయిదో వంతు తగ్గిందట. తీగ కోయడం వల్లే మీరంతా పనిమీద మనసు పెట్టారని పైవాళ్లు అనుకుంటున్నారట. అన్నిటికంటే పద్నాలుగో మెట్టు గొప్పదట. ఒక్క వేలెడు మట్టం కూడా అటూ ఇటూ కాలేదట. దానికి 'ఆదర్శ మెట్టు' అని పేరు పెట్టి ఆ కాగితం అన్ని మెట్లకూ పంచుతున్నారట. నాకూ ఒకటిచ్చాడు, గోడకు అంటించమని.

మాబున్నక్క ఎట్లుందని అడిగాను.

"పైదాకా వెళ్లలేదమ్మా. పచ్చగా ఉన్న మెట్టుకు తనిఖీ అక్కర్లేదని నియమం. చీటీల్లో మీ మెట్టు పడింది కాబట్టి వచ్చాను."

"ఊళ్లో నీళ్లు పడుతున్నాయో లేదో ఎవరు చూస్తారు సార్?"

"పడకపోతే ఫిర్యాదు వస్తుంది కదమ్మా. నెల రోజులుగా ఒక్క ఫిర్యాదూ లేదు."

ఫిర్యాదు పెట్టాలంటే మెట్టు మనిషి బొటనవేలు బోర్డు మీద పెట్టాలి. తన మీద తానే ఫిర్యాదు పెట్టుకునే మనిషిని మీ గదిలో ఎంతమందిని చూశారని అడిగాను. ఆయన నవ్వబోయి దీపం చూసుకున్నాడు. పసుపు పడింది. బండి ఎక్కుతూ, ఇవన్నీ నాతో అంటే ఏం లాభం, ఎరుపు పడ్డప్పుడు బోర్డు మీద 'కారణం తెలపండి' అని వస్తుంది చూడు, మా దగ్గర మనుషులు చదివే గడి అదొక్కటే అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మాబున్నక్క నా కిటుకు బాగా పట్టేసిందని ఆ రోజంతా సంతోషపడ్డాను. కాగితం అంటించాను కూడా.

143వ రోజు

పంపు గంటలు లెక్క చూశాను. ఇదివరకు రోజుకు పద్నాలుగు గంటలు తిరిగేది. ఇప్పుడు పదకొండే. తొట్టి నిండితే పంపు దానంతట అదే ఆగుతుంది. అంటే పైకి పోవలసిన నీళ్లు పోవడం లేదు, నిలబడుతున్నాయి.

కడ్డీ తీసుకుని పై గొట్టానికి ఆనించి విన్నాను. నీటి నడక ఉంటే చెవిలో బియ్యం చెరిగినట్టు ఉంటుంది. పొద్దున కాసేపు వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

విశేషాలు: పంపు మూడు గంటలు తక్కువ తిరుగుతోంది. దీపం పచ్చ. ఎవరైనా అడగండి.

148వ రోజు

ఎవరూ అడగలేదు. లింగమయ్య మామ వచ్చాడు.

పొద్దున తొమ్మిదిన్నరకు కంచె బయట తడిగోనె కప్పుకున్న మనిషి కనబడ్డాడు. పదకొండు కిలోమీటర్లు నడిచి వచ్చాడు, మెట్టు వదిలేసి. గొంతు విని గుర్తుపట్టాను. పొట్టిగా ఉన్నాడు, నేను పొడుగనుకున్నాను. సైరన్ మోగేలోపు లోపలికి లాక్కొచ్చాను. నీళ్లు తాగి, గోడ మీది కాగితం చూసి, దాన్ని చింపి ముక్కలు చేసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అప్పుడు చెప్పాడు.

పద్నాలుగో మెట్టులో ముప్పై ఒక్క రోజులుగా ఎవరూ లేరు.

117వ రోజు సాయంత్రం ఆరు గంటల కొలతకు మాబున్నక్క ఊరి గేటు మూసింది. ఆ అరగంటలోనే స్పృహ తప్పి పడిపోయింది. నీళ్ల కోసం చూస్తున్న ఊరి ఆడవాళ్లు కంచె దాటి ఆమెను ఆసుపత్రికి మోశారు. గేటు మూసే ఉండిపోయింది. గేటుకూ తొట్టి మూతకూ ఒకటే తాళం; ఇద్దరు పనివాళ్లున్నప్పుడు ఎవరి బొటనవేలు పెట్టినా తెరుచుకునేది, ఇప్పుడు ఆమె వేలికి మాత్రమే. మర్నాడు ఆమెను మంచం మీద గేటు దగ్గరికి మోసుకొచ్చి వేలు పెట్టించారు. ఏడుసార్లు పెట్టింది. చేతులు వాచిపోయి ఉన్నాయి. తాళం ఆమెను గుర్తుపట్టలేదు.

తాళం పగలగొడదామంటే, పగిలిందంటే గొట్టమే పగిలిందని లెక్కేసి మీ యంత్రం పద్నాలుగు మెట్లనూ మూడు రోజులు ఆపేస్తుంది. పదమూడు ఊళ్లు ఎండుతాయి. ఎర్రగుట్టవాళ్లు అంత పని చెయ్యలేదు. పాత బోరు తవ్వుకుని తాగుతున్నారు. మాబున్నక్క మూత్రపిండాలను తినేసింది ఆ బోరు నీళ్లే.

తొట్టి నిండా నీళ్లు. గేటు మూసి ఉంది. మట్టం కదలదు. ఆ నిండిన తొట్టి వల్ల పదమూడో తొట్టి నిండింది, దాని వల్ల పన్నెండోది, అలా నా దాకా. నాకు పట్టిన హాయి నిద్ర అది. మనిషి లేని మెట్టుకు మీరు ఆదర్శమని పేరు పెట్టారు.

డయాలసిస్ యంత్రానికి ఒక్కసారికి నూట యాభై లీటర్ల మంచినీళ్లు కావాలి. ఎర్రగుట్ట నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు పదకొండు కిలోమీటర్లు దిగి పదమూడో మెట్టు నుంచి డబ్బాలతో మోశారు. ఆరేడు సార్లు అలా నడిపారట. పోయిన వారం పదమూడో మెట్టు మనిషి ఇక ఇవ్వనన్నాడు. డబ్బాలు ముంచితే అతని మట్టం తగ్గి ఎరుపు పడింది. దానితో అతనికి రెండయ్యాయి. అతనిని తిడదామని నోరు తెరిచాను. కానీ ఆ డబ్బాలు నా కంచె దగ్గరికి వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు.

"మామా, ముప్పై రోజులు! ఇప్పుడా చెప్పేది?"

"తీగ ల్యాకపాయె. మెట్టు వదిలినట్టు తెలిస్తే ఒక ఎరుపు. పదమూడో వాడు పన్నెండో వానికి చెప్పనీకి వారం తీసుకున్యాడు. వాడూ పదకొండో వాడూ చెరొక వారం. నా దగ్గర అయిదు దినాలు ఉండిపాయె ఈ మాట. సిగ్గుపడే చెప్తాండా."

కొలతకు ముందు గేటు మూసే కిటుకు నా ఒక్కదానిదే అనుకున్నాను కదా. మాబున్నక్క తప్ప పదమూడు మెట్లూ చేస్తూ వచ్చాయి. మామ దీపం వచ్చిన పదో రోజు నుంచి మూస్తున్నాడు. ఎవరికి వారే కనిపెట్టారు, ఎవరికి వారే భయపడి దాచారు. రోజుకు నాలుగు అరగంటలు ప్రతి ఊరికీ నీళ్లు ఆపి మీకు పచ్చదీపం చూపించాం. వరస పిలుపులో ఒక్కరు ఒక్క రోజు నోరు జారి ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది. మాబున్నక్క పిలుపుకు పలకని మొదటి సాయంత్రమే పదమూడో మెట్టు నుంచి మనిషి పరిగెత్తేవాడు.

నేను అడగకుండా ఉండలేకపోయాను. గేటు ముయ్యమని చెప్పింది నేనని ఆమె ఎవరితోనైనా అన్నదా అని.

మామ చేతుల్లోని గోనె మడతపెట్టాడు. "అనింది. గేటు సంగతి ఆ పాపకు మాత్రం చెప్పొద్దండి, మనసులో పెట్టుకుంటాది అనింది. చెప్పొద్దనే కబురు పంపింది మే. నేనే చెప్తాండా. ఎందుకంటే నీకు తెలీకపోతే నువ్వు రేపు మళ్లీ మూస్తావు."

సాయంత్రం అయిదు దాకా ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం. మామ ఒక్క జోకు కూడా చెప్పలేదు. ఎదురుగా మనిషి ఉండి కూడా నాకు అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు మెట్ల మధ్య కబుర్లు ఆగడం లేదట; నిన్న కాక మొన్నటి మాట ప్రకారం ఆమె కాళ్లు పొట్టదాకా వాచాయి. ఇంకో వారం ఆగలేదని ఆసుపత్రి కాంపౌండరు చెప్పాడట. ఆ మాట నా దాకా రావడానికే రెండు రోజులు పోయింది.

149వ రోజు

పొద్దున ఆరు గంటల కొలతకు ముందు ఊరి గేటు పూర్తిగా తెరిచాను. తొట్టి సగానికి దిగింది. ఎరుపు పడింది. నా మొదటి ఎరుపు. బోర్డు మీద 'కారణం తెలపండి' అని వచ్చింది.

ఇదే కారణం. 112వ రోజు నుంచి ఈ పుస్తకం పేజీలన్నీ ఆ గడిలో పెట్టి పంపుతున్నాను. చదివే మనిషి ఎవరో నాకు తెలియదు. మీ చేతికీ దీపం ఉండే ఉంటుంది. ఇది చదివితే పసుపు పడుతుంది. పడనివ్వండి.

మీ మీద నా ఫిర్యాదు ఒకటే. నీళ్లు నిలబడ్డాయో లేదో కొలిచారు, చేరాయో లేదో కొలవలేదు. నిలబెట్టడం మాకు సులువు, గేటు మూస్తే చాలు. చేరాయో లేదో చెప్పే మనిషి ఒకామె ఉండేది. ఆమె గొంతును పని నష్టం కింద రాశారు. నేనూ తప్పు చేశాను. నా తప్పుకు ఉప్పుగట్టుకు పంపండి, దిగుతాను. ముందు గేటు తెరవండి.

నాకు కావలసింది ఇది. పద్నాలుగో మెట్టు ఊరి గేటును అదుపు గది నుంచి మీరే తెరవాలి. మీ దగ్గర ఆ మీట ఉందని పంపు పుస్తకం డెబ్బై రెండో పేజీలో ఉంది, నేను చదివాను. ఆ గేటుకు ఇకమీద ఊరి మనుషులు ఇద్దరి వేళ్లు పెట్టాలి. డబ్బాల నీళ్లకు పదమూడో మెట్టు మనిషి మీద వేసిన ఎరుపు తీసెయ్యాలి.

నేను పైకి బయలుదేరుతున్నాను. మెట్టులో గేటు తెరిచే ఉంటుంది, పంపు దానంతట అదే తిరుగుతుంది. దారిలో పదకొండు నుంచి పదమూడు దాకా ప్రతి మెట్టులో ఆగి గేట్లు తెరిపిస్తాను. మామ తన గేటు తెరిచే వచ్చాడు కాబట్టి ఈ పాటికి మీ గోడ మీద పది కూడా ఎర్రగా ఉండాలి. లింగమయ్య మామ కిందికి దిగుతున్నాడు. ఎనిమిది నుంచి ఒకటి దాకా ఊళ్లకు కబురు పంపి, మూడు రోజులకు సరిపడా నీళ్లు పట్టి పెట్టుకోమని చెప్పిస్తున్నాడు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. నా సంచిలో ఆరు కిలోల సమ్మెట ఉంది.

జవాబు పదమూడో మెట్టు బోర్డు మీద పెట్టండి. 152వ రోజు ఉదయం ఆరు గంటల కొలతకు నేను ఆ బోర్డు ముందు ఉంటాను. అప్పటికి జవాబు లేకపోతే పై పదకొండు కిలోమీటర్లూ సైరన్ లోపే నడుస్తాను.

సుంకులమ్మ, తొమ్మిదో మెట్టు.